చెవిలో నాడెడి కణములు

"మాట వినబడుచున్నది గాని, యేమనుచున్నారో తెలియుట లేదు" అని మా సీతారామపురమున నా యీడువారు తఱచుగా ననుచుందురు. ఇందులకు గల కారణము నూటయేబది యేండ్లకు పైగా సాగిన శోధనలో తేలినది. ఆ చరిత్రమును మనవి చేసెదను.

కర్ణవివరముచే పరిమితమైన యాకాశమే శ్రోత్రమనియు, శబ్దము వీచీతరంగన్యాయమున వచ్చి దానిని జేరుననియు తర్కశాస్త్రమున చదువుకొంటిని. పాశ్చాత్యులు ఆ వివరమును కోసి చూచిరి. లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొన్న గొట్టము కలదు. అందు ద్రవము నిండియుండును. ఇటలీ దేశీయుడగు ఆల్ఫాన్సో కోర్టి 1851లో సూక్ష్మదర్శినితో అందలి కణముల వరుసలను వర్ణించెను. ప్రతి కణము తలపైనను సన్నని కేసరముల కుచ్చు ఉండును గనుక వానికి కేశకణములని పేరు. లోపలి వరుస యొకటి, వెలుపలివి మూడు. ఒక చెవిలో లోపలివి సుమారు 3,500, వెలుపలివి సుమారు 12,000. శబ్దమునకు కేసరములు వంగినంతనే సూక్ష్మద్వారములు తెఱచుకొని, కణములో విద్యుత్తు పుట్టును.

హంగరీ దేశీయుడగు బెకెషీ మృతుల చెవులను పరీక్షించి, అందలి పొరపై తరంగము పాఱుట కనిపెట్టి, 1961లో నోబెల్ బహుమతి నొందెను. మన వీచీతరంగము చెవి లోపల గూడ నున్నదన్నమాట! అయితే చచ్చినవాని చెవిని జూచి బ్రతికినవాని వినికిడిని నిర్ణయింపవచ్చునా? 1948లోనే కేంబ్రిడ్జిలోని థామస్ గోల్డ్ అను యువకుడు, ద్రవములో మునిగిన పొర తనంతట నింత సూక్ష్మముగా స్వరభేదము నెఱుగజాలదని వాదించెను. ఆయన యుద్ధకాలమున రాడారు పని చేసినవాడు. రేడియోలో కొంత శక్తిని మరల మొదటికి త్రిప్పి సన్నని ధ్వనిని పెంచునట్లే, చెవియు తన శక్తిని జోడించుచున్నదనియు, అట్లయిన నొక్కొక్కప్పుడు చెవినుండియే ధ్వని వెలువడవలెననియు చెప్పెను. ముప్పది యేండ్లు ఆ మాటను పెద్దగా నెవరును పట్టించుకొనలేదు.

1978లో లండనులో డేవిడ్ కెంప్ చెవిలో చిన్న మైక్రోఫోను నుంచి, టక్కుమను శబ్దమును పంపగా, చెవి బదులు పలికెను! నేడు మాటరాని పసికందుల వినికిడిని పరీక్షించుటకు ఈ ప్రతిధ్వనియు నొక యాధారము. విద్యుత్తు సోకినప్పుడు వెలుపలి కణము పొట్టియై, పొడవై యాడునని 1985లో బ్రౌనెల్ మొదలగువారు ప్రకటించిరి. ఆ యాటకు మూలమగు మాంసకృత్తును 2000లో డల్లోస్ బృందము కనుగొని ప్రెస్టిన్ అని పేరిడెను. ఇటలీ సంగీతమున ద్రుతగతిని దెలుపు పదమునుండి యా పేరు పుట్టినది.

వెలుపలి కణములు ధ్వనిని పెంచును. లోపలివి మెదడునకు దెలుపును. వయసుచేతను, రొదచేతను తఱచుగా ముందు చెడునవి వెలుపలివే. అందును హెచ్చు స్వరములను పట్టునవి. కనుకనే అచ్చులు వినబడును గాని, సకార తకారాదులు జారిపోవును. అట్టివారియొద్ద కేకలు వేసిన లాభము లేదు. ఎదుట కూర్చుండి మెల్లగా చెప్పవలెను. తిరునాళ్లలో లౌడుస్పీకర్లు కట్టు కుఱ్ఱవాండ్రతో ఈ సంగతి చెప్పిన నవ్వుదురు.

కోడి చెవిలో చెడిన కేశకణములకు బదులు క్రొత్తవి పుట్టునని 1988లో ప్రకటింపబడినది. వినికిడికి తోడ్పడు మనుష్యుని కణములు ఒకసారి చెడిన మరల పుట్టవు. కోడికి గల యా రహస్యమును శోధకులు నేటికిని వెదకుచున్నారు.