ద్రాక్షారామం అని రాసి చూడండి

ఐఫోన్ యాప్‌లు మేలా, ఆండ్రాయిడ్ యాప్‌లు మేలా అన్న తగువు 2008లో మొదలైంది. ఆ ఏడాది జులైలో యాపిల్ తన యాప్ స్టోర్ తెరిచింది. అక్టోబరులో గూగుల్ ఆండ్రాయిడ్ మార్కెట్ తెరిచింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఈ పోలిక మీద వచ్చిన వ్యాసాలు ఎక్కువగా ఒకటే మాట చెప్పేవి: ఐఫోన్ యాప్ నునుపుగా నడుస్తుంది, ఆండ్రాయిడ్ యాప్ తడబడుతుంది. వాళ్ళు చెప్పిన కారణాల్లో అబద్ధమేమీ లేదు. యాపిల్‌కి ఉన్నవి కొద్ది మోడళ్ళు, పైగా ప్రతి యాప్‌నీ పరీక్షించాకే లోపలికి రానిస్తుంది. ఆండ్రాయిడ్‌కి లెక్కలేనన్ని కంపెనీలు, ఒక్కో ఫోనుదీ ఒక్కో తెర.

కాకపోతే ఆ కొలతలన్నీ ఇంగ్లీషులో చదివి ఇంగ్లీషులో రాసేవాళ్ళవి. తెలుగులో చదివి రాసేవాళ్ళు కొలిస్తే అదే కథ ఇంకోలా ఉంటుంది. దాన్ని చెప్పడానికి ఒక ఊరి పేరు చాలు.

ద్రాక్షారామం. రామచంద్రపురం పక్కన, పంచారామాల్లో ఒకటి. శ్రీనాథుడి భీమేశ్వర పురాణం ఈ క్షేత్రం గురించే. భీమేశ్వరాలయంలో స్తంభాల మీదా గోడల మీదా వందల శాసనాలున్నాయి. వాటిలో చాలావాటి పాఠాలు 1923లో అచ్చయిన దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో దొరుకుతాయి. అఖండదీపానికి ఫలానావారు ఇచ్చిన దానం ఇది, అన్న సంగతే ఎక్కువ. దాత రాజైనా, రాజు కింద ఉద్యోగైనా, చెక్కినవాడికి ఏ వొత్తు ఎక్కడ పెట్టాలో తెలుసు. రాయి ఏ అక్షరాన్నీ నాకు రాదనలేదు.

ఫోను అంది. ఎందుకో చూద్దాం.

మన కంటికి ఈ పేరులో ఉన్నవి నాలుగే అక్షరాలు: ద్రా, క్షా, రా, మం. యూనికోడ్ లెక్కలో పన్నెండు: ద, పొల్లు, ర, దీర్ఘం, క, పొల్లు, ష, దీర్ఘం, ర, దీర్ఘం, మ, సున్న. ఈ పన్నెండు ముక్కల్నీ నాలుగు అక్షరాలుగా కూర్చాలి. క్రావడిని ద కిందికి తేవాలి, క-ష రెంటినీ కలిపి ఒకే రూపం చెయ్యాలి. ఈ పని సాధారణంగా యాప్ చెయ్యదు, దాని అడుగునున్న ఆపరేటింగ్ సిస్టమ్ చేస్తుంది. ఫాంటు ఉంటే సరిపోదు. టైపుల పెట్టె ఉండి కంపోజిటర్ లేని అచ్చాఫీసు ఎలా ఉంటుందో, ఫాంటు ఉండి ఈ కూర్పు తెలియని ఫోను అలా ఉంటుంది. ద పక్కన పొల్లు, పొల్లు పక్కన ర, విడివిడిగా వరుసలో నిలబడి ఉంటాయి.

అప్పటికి కంప్యూటర్ మీద ఈ బాధ తీరుతూ వస్తోంది. 1991 నాటి మొదటి యూనికోడ్ లోనే తెలుగుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది. తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటు వాడి, ఒక బ్రౌజర్‌లో కనబడి ఇంకోదాంట్లో కనబడకపోతే, ఫైర్‌ఫాక్స్‌కి పద్మ అనే పొడిగింపు రాసి వాటిని యూనికోడ్‌లోకి మార్చుకున్నారు. 2006లో లేఖిని వచ్చింది, బ్లాగులు వెల్లువెత్తాయి. సరిగ్గా అప్పుడు చదువరి కంప్యూటర్ వదిలి ఫోను పట్టుకున్నాడు. లెక్క మళ్ళీ సున్నా దగ్గర మొదలైంది.

తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు పేజీ తెరిస్తే డబ్బాలు కనబడేవి. దానికి అందరూ చెప్పుకునే చిట్కా ఒకటుండేది. ఓపెరా మినీ బ్రౌజర్ వేసుకుని, దాని దాపుడు సెట్టింగుల పేజీలోకి వెళ్ళి, క్లిష్టమైన లిపులకు బొమ్మ అక్షరాలు వాడమని పెట్టుకోవడం. అప్పుడు ఎక్కడో ఉన్న ఓపెరా సర్వర్ మన అక్షరాల్ని బొమ్మలుగా గీసి పంపేది. చదువుకోవచ్చు, కాపీ చేసుకోలేం. వార్తల యాప్ న్యూస్‌హంట్ (తర్వాత డైలీహంట్ అయింది) తెలుగు రాని ఫోన్లలో కూడా తెలుగు చూపించేది, అక్షరాలు కూర్చే పని ఫోనుకి వదలకుండా తానే చూసుకుని. గొప్ప యాప్ అంటే ఆ రోజుల్లో మనకి అర్థం అది: ఫోను చెయ్యాల్సిన పనిని తాను చేసిపెట్టేది.

ఆండ్రాయిడ్ 2012లో, 4.1తో, తెలుగు నేర్చుకుంది. ఐఫోన్‌కి అంతకుముందే తెలుగు చదివించడం వచ్చు. రాయడం దగ్గర మాత్రం లెక్క తిరగబడింది. బయటివాళ్ళు చేసిన కీబోర్డుల్ని ఆండ్రాయిడ్ 2009 నుంచే రానిచ్చింది. యాపిల్ 2014 దాకా, అంటే ఐఓఎస్ 8 దాకా, రానివ్వలేదు. సొంత తెలుగు కీబోర్డు ఐఓఎస్ 9తో 2015లో ఇచ్చింది. అప్పటిదాకా ఐఫోన్లో తెలుగు రాయాలంటే ఏదో ఒక యాప్ తెరిచి, దాని పెట్టెలో టైపు చేసి, కాపీ చేసి తెచ్చి వాట్సాప్‌లో అతికించాలి. కొన్నేళ్ళపాటు మన పరిస్థితి ఇదీ: ఒక ఫోను చదవనిచ్చింది, రాయనివ్వలేదు. రెండోది రాయనిచ్చింది, రాసింది చూపించలేదు. ఈ రెంటిలో యాప్‌లు ఎందులో నునుపు అని అడిగితే ఏం చెప్తాం?

4.1 వచ్చిన రోజే అందరి ఆండ్రాయిడ్‌లూ తెలుగు నేర్చుకోలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. తక్కువ ధర ఫోను ఏ వెర్షన్‌తో కొంటే దాంతోనే ముసలిదయ్యేది. ఇంగ్లీషు వ్యాసాల్లో ఆండ్రాయిడ్ ముక్కలైపోయిందని రాసిన ఫిర్యాదు తెలుగువాడికి చాలా సూటిగా తగిలింది. వాళ్ళకి దానివల్ల పోయింది యానిమేషన్ నునుపు. మనకి పోయింది లిపి.

2018 ఫిబ్రవరిలో పాఠం ఐఫోన్ వైపు నుంచి వచ్చింది. జ్ఞా అన్న తెలుగు అక్షరం పంపిస్తే ఐఓఎస్ 11 ఫోన్లలో వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్ కుప్పకూలిపోతున్నాయని వార్త. నిజానికి మామూలు జ్ఞా వల్ల కాదు. ఞ వొత్తుకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని యూనికోడ్ గుర్తు ఒకటి ఇరుక్కున్నప్పుడు మాత్రమే. అక్షరాలు అతుక్కోకుండా అడ్డం పెట్టే గుర్తు అది. సాఫ్ట్‌వేర్ అని సరిగ్గా రాయాలంటే ట్ తర్వాత అది కావాలి, లేకపోతే ట కింద వ వొత్తు చేరిపోతుంది. తెలుగులో టైపు చేసేవాళ్ళకి నిత్యావసరం. ఆ తేడా పట్టించుకునే ఓపిక ఎవరికీ లేదు. ప్రపంచ పత్రికలు దాన్ని బాంబు అన్నాయి. ఆకతాయిలు ట్విట్టర్ పేర్లలో పెట్టుకుని జనం ఫోన్లు ఆపేశారు. ఇదే అమరికతో దేవనాగరి, బెంగాలీ అక్షరాలు కూడా కొన్ని ఫోన్లను కూల్చగలవని తర్వాత తేలింది, పేరు మాత్రం తెలుగుకే వచ్చింది. ఫిబ్రవరి 19న 11.2.6తో యాపిల్ దాన్ని సరిచేసింది.

కూలిన యాప్‌ల్లో ఏదీ చెడ్డ యాప్ కాదు. ఒక్కటి కూడా తన తప్పువల్ల కూలలేదు. పన్నెండు ముక్కల్ని నాలుగు చేసే అడుగు పొరలో తప్పుంది. ఆ పొరను ఇంగ్లీషుతో ఎంత పరీక్షించినా అది బయటపడదు, ఎందుకంటే ఇంగ్లీషుకి అంత కూర్పు అక్కర్లేదు.

ఆండ్రాయిడ్ కథ కూడా 2012తో అయిపోలేదు. 2014లో వచ్చిన 5.0లో మెనూలు, సెట్టింగులు తెలుగులో వచ్చాయి. సంతోషం. అదే వెర్షన్‌లో పొడుగు లిపుల కోసం ఒక ఆప్షన్ కూడా పెట్టారు: అక్షరాన్ని దాని అసలు ఎత్తులో చూపించనా, తెర మీది వరుసలో పట్టేలా కుదించనా? యాప్ రాసేవాడు ప్రత్యేకంగా అడిగితే తప్ప కుదించిన రూపమే వచ్చేది. వరుస ఎత్తు ఇంగ్లీషు అక్షరాన్ని చూసి పెట్టింది. గుడి, ఏత్వం పైకి, వొత్తులు కిందికి పోయే మన అక్షరం అందులో ఒదగాలి. ఇది మారింది 2024లో, ఆండ్రాయిడ్ 15తో. అప్పట్నుంచి, ఆ వెర్షన్ కోసం తయారైన యాప్‌ల్లో, అసలు ఎత్తు అడక్కుండానే వస్తుంది. ఇక ఐఫోన్ మెనూలు తెలుగులో మాట్లాడింది 2025లో, ఐఓఎస్ 18.4తో. ఆండ్రాయిడ్ కంటే పదేళ్ళు వెనక.

ఈ ఆలస్యాల్లో దేన్ని విడిగా చూసినా చిన్నదే. బగ్ దిద్దారు, కీబోర్డు ఇచ్చారు, మెనూ ఇచ్చారు. దిద్దలేనిది అలవాటు. మన తరం తెలుగులోనే మాట్లాడుకుంటూ ఇంగ్లీషు అక్షరాలతో రాసుకోవడానికి అలవాటుపడింది. దీనికి స్మార్ట్‌ఫోన్ ఒక్కటే కారణం కాదు. ఎస్సెమ్మెస్ రోజుల్లో ఇంగ్లీషుకి 160 అక్షరాలిస్తే యూనికోడ్‌కి 70 ఇచ్చేవారు, అందులో ద్రాక్షారామం ఒక్కటే పన్నెండు తినేసేది. ఆ అలవాటు మానుకోవడానికి స్మార్ట్‌ఫోన్ ఒక అవకాశం. అది తెలుగు నేర్చుకునేసరికి మన బొటనవేళ్ళు ఇంగ్లీషు అక్షరాలు నేర్చేసుకున్నాయి. 1990ల మొదట్లో రైస్ విశ్వవిద్యాలయంలో తయారైన ఆర్‌టీఎస్ కూడా ఇంగ్లీషు అక్షరాలదే, కానీ అందులో ల వేరు, ళ వేరు, దీర్ఘానికి లెక్కుంది. చాటింగ్ తెలుగుకి ఆ లెక్క లేదు. కె, ఎ, ఎల్, ఎ అని కొట్టి పంపితే అది కలో, కళో, కాలో చదివేవాడే తేల్చుకోవాలి. భీమేశ్వరాలయం స్తంభాన్ని ఫొటో తీసి, వెయ్యేళ్ళనాటి తెలుగు కింద ఇంగ్లీషు లిపిలో వ్యాఖ్య పెట్టేవాళ్ళకి తెలుగు రాక కాదు. వాళ్ళు రాయడం మొదలుపెట్టిన రోజున ఫోనుకి రాదు.

కాబట్టి ఏ ప్లాట్‌ఫామ్ మేలన్న ప్రశ్నకి తెలుగులో ఒకే జవాబు లేదు. చదవడంలో ఐఫోన్ ముందు. రాయడంలో, మెనూల్లో ఆండ్రాయిడ్ ముందు. మన అవసరాన్ని చివర గుర్తించడంలో రెండూ సమానం. ఇప్పటికీ కొన్ని గేముల్లో, వీడియోలకి అక్షరాలు అద్దే కొన్ని పనిముట్లలో, కంపోజిటర్ లేని అచ్చాఫీసు కనబడుతూనే ఉంటుంది. యాప్ సమీక్ష రాసేవాళ్ళు రంగులు, వేగం, చందా ధర గురించి ఎలాగూ రాస్తారు. దాంతోపాటు ద్రాక్షారామం అని కూడా ఒకసారి కొట్టి చూడండి. క్రావడి తెగుతోందా, వెనక్కి చెరిపితే ఏ ముక్క పోతోంది, వెతికితే దొరుకుతోందా అన్నవి కూడా సమీక్షలో రాయండి. అయిదు నక్షత్రాలు ఇవ్వాలో వద్దో ఆ తర్వాత ఆలోచించవచ్చు.