సీసా మీది గాజు మాట

మొహానికి రాసే సీరం సీసాల మీద ఇప్పుడు 'హైలురోనిక్ యాసిడ్' అని పెద్దక్షరాలతో కనిపిస్తోంది. దీని పేరు ఆవు కంట్లోంచి వచ్చింది. 1934లో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిలోపలి జెల్లీ నుంచి దీన్ని వేరుచేశారు. ఆ జెల్లీ గాజులా ఉంటుంది, గ్రీకులో 'హయలోస్' అంటే గాజు. అణువులో యూరోనిక్ ఆమ్లం ఉంది. రెంటినీ అతికించారు. యాసిడ్ అనగానే జంకేవాళ్లున్నారు గానీ, ఇది నీటిని పట్టి ఉంచే చక్కెరల గొలుసు. శరీరంలో లవణ రూపంలోనే ఎక్కువగా ఉంటుంది కనుక 1986లో ఎండ్రె బలాజ్, సహచరులు 'హైలురోనాన్' అన్న పేరు ప్రతిపాదించారు. శాస్త్రవేత్తలు అందుకున్నారు, సీసాలు మాత్రం పాత పేరే పట్టుకున్నాయి.

ఇదే పదార్థాన్ని మన మోకాళ్లలోకి సూదిగా ఎక్కించేసరికి ఆ పేరూ పోయి 'గుజ్జు ఇంజెక్షన్' అయింది. ఈ మాట కాస్త ఎక్కువే ఆశపెడుతుంది. అరిగిన మృదులాస్థిని ఆ సూది మళ్లీ మొలిపించదు. కొందరికి కొన్నాళ్లు నొప్పి తగ్గొచ్చు. సీరం సంగతీ దాదాపు అంతే, పెద్ద అణువులు చర్మం పైపొరల్లోనే తేమ నిలుపుతాయి. ఒకప్పుడు ఈ హైలురోనిక్ యాసిడ్‌ని కోడిపుంజు నెత్తిమీది ఎర్రటి తురాయి నుంచి తీసేవారు. ఇప్పుడు ఎక్కువగా బ్యాక్టీరియాతో తయారుచేస్తున్నారు.