ల్యాండ్ రోవర్ స్వివెల్ బాల్ మరమ్మత్తు

స్వివెల్ బాల్ అనునది పాత ల్యాండ్ రోవర్ వాహనాల ముందు ఇరుసు చివర, చక్రానికి లోపలి వైపున బిగించి ఉండే గోళాకారపు ఇనుప భాగం. దీని నునుపైన ఉపరితలం తుప్పు వలన గుంటలు పడినప్పుడు ఆయిల్ సీల్ పట్టు తప్పి, లోపలి నూనె కారిపోతుంది. ఆ గుంటలను పూడ్చి తిరిగి నునుపు చేయడం, లేదా భాగాన్నే మార్చడం ఈ మరమ్మత్తులోని ముఖ్యాంశం. బ్రిటన్‌లో పాత ల్యాండ్ రోవర్లను నడిపేవారు తరచుగా చేయించుకొనే పనులలో ఇది ఒకటి.

నిర్మాణం

నాలుగు చక్రాలకూ శక్తి అందే వాహనంలో ముందు చక్రం రెండు పనులు చేయాలి. ఇంజను శక్తితో తిరగాలి, స్టీరింగును అనుసరించి పక్కకు మళ్ళాలి. ఇందుకోసం ఇరుసు లోపలి కడ్డీ చివర వంగుతూ తిరగగల ఒక కీలు ఉంటుంది. సిరీస్ తరగతి ల్యాండ్ రోవర్లలో అత్యధిక భాగానికి ఇది హార్డీ స్పైసర్ రకపు కీలు కాగా, 1970లో వచ్చిన రేంజ్ రోవర్‌లోనూ, ఆ తరువాతి వన్ టెన్, నైంటీ వాహనాలలోనూ స్థిరవేగపు కీలు వాడారు. ఈ కీలు నూనెలో మునిగి పనిచేయాలి. దాని చుట్టూ ఉన్న తొడుగే స్వివెల్ బాల్.

పేరుకు బంతి అయినా ఇది పూర్తి గోళం కాదు. చిల్లు పెట్టిన పెద్ద కొబ్బరి చిప్పను ఇరుసు గొట్టం చివర బోర్లించి బిగించినట్లు ఉంటుంది. దీనిపై స్వివెల్ హౌసింగ్ అనే మరొక తొడుగు, పైన ఒకటి కింద ఒకటి ఉన్న రెండు పిన్నుల ఆధారంగా తిరుగుతుంది. హౌసింగ్ అంచున ఉంగరం వంటి పెద్ద ఆయిల్ సీల్ ఉంటుంది. స్టీరింగు తిప్పిన ప్రతిసారీ ఈ సీల్ పెదవి బంతి మీద జారుతూ నూనెను లోపల, నీటిని బయట నిలిపి ఉంచుతుంది. అందుచేత బంతి అద్దం వలె నునుపుగా ఉండటం తప్పనిసరి.

1948 నుండి 1985 వరకు తయారైన సిరీస్ వాహనాలు, 2016 జనవరిలో ఉత్పత్తి ముగిసిన డిఫెండర్, మొదటి తరం రేంజ్ రోవర్, మొదటి తరం డిస్కవరీ అన్నిటిలోనూ ఈ ఏర్పాటే ఉంది. ఇతర సంస్థల వాహనాలలోనూ ఇటువంటిది కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపు, 1947 నుండి మహీంద్రా సంస్థ బొంబాయిలో కూర్చిన దాని సంతతి జీపులు, తరువాత వచ్చిన మారుతీ జిప్సీ ఇందుకు మన దేశపు రోడ్ల మీద కనిపించిన ఉదాహరణలు.

తుప్పు పట్టే విధానం

పాత బంతులపై గట్టి క్రోమ్ పూత ఉంటుంది. క్రోమియం తుప్పు పట్టదు గదా, గుంటలు ఎలా వస్తాయనే సందేహం సహజం. గట్టి క్రోమ్ పూతలో కంటికి కనిపించనంత సన్నని పగుళ్ళు ఉంటాయి. రాతి దెబ్బలకు మరికొన్ని గాట్లు పడతాయి. వాటి గుండా తడి, శీతాకాలంలో బ్రిటిష్ రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు లోపలి ఇనుమును చేరుతాయి. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, అది పైపూతను లోపలి నుండి నెట్టి పెచ్చులుగా ఊడదీస్తుంది. చివరకు బంతి అమ్మవారి మచ్చలు పడిన ముఖం వలె తయారవుతుంది. రోజూ నడిచే బండిలో సీల్ పెదవి బంతిపై పలుచని నూనె పొరను పరుస్తూ ఉంటుంది. నెలల తరబడి నిలిపి ఉంచిన బండికి ఆ రక్షణ లేదు. కాబట్టి ఎక్కువ తిరిగిన బండికంటె షెడ్డులో పడి ఉన్న బండి బంతులే అధ్వాన్నంగా ఉండటం వింత కాదు.

గుంట అంచులు పదునుగా ఉండి కొత్త సీల్ పెదవిని కూడా కోసివేస్తాయి. సీల్ మాత్రమే మార్చి ఊరుకుంటే కొద్దికాలానికే మళ్ళీ నూనె కారడానికి కారణం ఇదే. నూనె తగ్గితే లోపలి కీలు పొడిగా తిరిగి అరిగిపోతుంది. వాగు దాటేటప్పుడు నీరు చొరబడితే నూనె తెల్లని మజ్జిగ వలె మారి, కీలుతోపాటు కింది బేరింగు కూడా చెడుతుంది.

మరమ్మత్తుకు ముందు పరీక్ష

కారడానికి గుంటలే కారణమని ముందుగానే తీర్మానించరాదు. స్వివెల్ పిన్నుల బేరింగు లేదా బుష్ అరిగితే హౌసింగ్ ఊగులాడి, సీల్ ఒక పక్క నొక్కుకొని మరొక పక్క ఎడమవుతుంది. జాకీతో లేపి స్టాండుపై నిలిపిన తరువాత చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపి చూస్తే ఈ లోపం తెలుస్తుంది. అయితే చక్రపు బేరింగు వదులుగా ఉన్నా ఇటువంటి ఊపే కనిపిస్తుంది. ఒకరు బ్రేకు తొక్కి పట్టగా మరొకరు ఊపితే, అప్పటికీ మిగిలిన కదలిక స్వివెల్ పిన్నులదని గుర్తించవచ్చును. ఇరుసు గాలి గొట్టం మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరిగినా నూనె బయటకు తోసుకొస్తుంది.

తరువాత గుంటలు ఎక్కడ ఉన్నాయో చూడాలి. స్టీరింగును ఒక చివర నుండి మరొక చివరకు తిప్పినా సీల్ పెదవి చేరని చోట ఉన్న గుంటల వలన హాని లేదు. చక్రం తిన్నగా ఉన్నప్పుడు పెదవి ఆనే వలయం మీద ఉన్నవి అన్నిటికంటె ప్రమాదకరం, ఎందుకంటే బండి ఎక్కువ కాలం ఆ స్థితిలోనే ఉంటుంది.

గుంటలు పూడ్చుట

గుంటలు విడివిడిగా ఉండి, చుట్టూ క్రోమ్ గట్టిగా నిలిచి ఉంటే లోహపు పొడి కలిసిన రెండు భాగాల ఎపాక్సీతో పూడ్చవచ్చును. అరాల్డైట్, ఎమ్-సీల్ కూడా ఎపాక్సీ జాతివే అయినా, ఈ పనికి నూనెను, వేడిని తట్టుకొనునని తయారీదారు పేర్కొన్న రకాన్నే వాడాలి.

చక్రం, బ్రేకు, హబ్, స్టబ్ యాక్సిల్, ఇరుసు కడ్డీ, హౌసింగ్ వరుసగా విప్పిన తరువాత గాని బంతి చేతికి రాదు. బ్రేకు కాలిపర్‌ను దాని గొట్టానికి వేలాడదీయక తీగతో కట్టి ఉంచాలి. బ్రిటన్ 1999లో నిషేధించే వరకు బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది కాబట్టి పాత బండి బ్రేకుల దుమ్మును గాలితో ఊదరాదు.

ఈ మరమ్మత్తు ఫలితం శుభ్రతపైనే ఆధారపడుతుంది. ఊడిపోయే పూతనంతా గీకివేసి, ప్రతి గుంట అడుగున మెరిసే ఇనుము కనిపించే వరకు చిన్న తిరుగుడు బ్రష్షుతో తుప్పు తీయాలి. తుప్పు తీయడానికి స్నానపు గదులు కడిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడరాదు, అది క్రోమ్‌నే కరిగిస్తుంది. జిడ్డు మిగిలితే ఎపాక్సీ అంటదు కావున చివరగా అసిటోన్‌తో తుడవాలి. మిశ్రమాన్ని గుంటలోకి గట్టిగా నొక్కి, ఉపరితలం కంటె కొంచెం ఉబ్బెత్తుగా నింపి, డబ్బాపై సూచించిన గడువు పూర్తయ్యే వరకు ఆరనివ్వాలి. చలికాలంలో ఈ గడువు పెరుగుతుంది.

ఎపాక్సీ క్రోమ్ కంటె ఎంతో మెత్తన. ఉట్టి వేలితో ఎమరీ కాగితాన్ని నొక్కి రుద్దితే పూడ్చిన చోటే త్వరగా అరిగి మళ్ళీ పల్లమవుతుంది. కాగితాన్ని వంగే గుణం గల సన్నని పలకకు చుట్టి, తడిపి, చుట్టుపక్కల క్రోమ్ మీద కూడా ఆనేటట్లు, బూటు మెరుగు పెట్టినట్లు పొడవుగా రుద్దాలి. 240 సంఖ్యతో మొదలుపెట్టి 400, 600, చివరకు 1200 వరకు వెళ్ళడం వాడుక. గోరు అడ్డంగా గీసినప్పుడు ఎక్కడా తట్టకపోతే పని కుదిరినట్లే.

తిరిగి బిగించేటప్పుడు కొత్త సీల్ పెదవికి గ్రీజు రాయాలి. పిన్నుల బిగువు షిమ్ములతో సరిచేయాలి. సీల్ ఇంకా బిగించకుండా, స్టీరింగు చేతికి స్ప్రింగు త్రాసు తగిలించి లాగి, ఆ నమూనా కరదీపికలో ఇచ్చిన అంకెతో పోల్చడం సరైన పద్ధతి.

మార్చుట, పూత వేయించుట

గుంటలు ఒకదానితో ఒకటి కలిసిపోయినా, చుట్టూ పూత పెచ్చులుగా లేస్తున్నా పూడ్చడం వృథా. అప్పుడు కొత్త బంతి వేయడమే మేలు. పాతదానికే క్రోమ్ తిరిగి వేయించవచ్చును గాని, పాత పూత తొలగించి, వేసిన తరువాత గోళాకారంగా సానబట్టి కొలతకు తేవాలి. ఈ పనికి వాడే ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సర్ కారకం కావున ఐరోపాలో దానిపై కఠిన నియంత్రణలున్నాయి. ఆ కారణంగా సులభంగా దొరికే నమూనాలకు పూత వేయించడం అరుదు. కొత్త భాగం దొరకని తొలినాటి సిరీస్ బండ్లకే ఈ శ్రమ తగినది. తరువాతి డిఫెండర్లలో క్రోమ్‌కు బదులు టెఫ్లాన్ పూత వేశారు.

తరువాతి బండ్లలో నూనెకు బదులుగా వచ్చిన పల్చని గ్రీజును పాత బండ్లలోనూ నింపుతారు. ఇది చిక్కగా ఉండి తక్కువ కారుతుంది. కాని అరిగిన బుష్‌ను, చిరిగిన సీల్‌ను ఇది బాగుచేయలేదు. ఇరుసు లోపలి సీల్ కూడా చెడి ఉంటే డిఫరెన్షియల్ నూనె వచ్చి కలిసి దీనిని పలుచన చేస్తుంది.

నివారణ

నిలిపి ఉంచిన బండి స్టీరింగును అప్పుడప్పుడు రెండు చివరలకూ తిప్పి, బయటపడిన బంతి భాగానికి నూనె గుడ్డతో పూత పెట్టడం సులభమైన రక్షణ. కొన్ని సైనిక వాహనాలకు బంతిపై తోలు తొడుగులు ఉండేవి. ఇవి రాళ్ళ దెబ్బను ఆపుతాయి గాని, లోపల బురదనీరు చేరితే అక్కడే నిలువ ఉంచుతాయి. కావున నీటిలో దిగిన ప్రతిసారీ వాటిని విప్పి ఆరబెట్టవలసి ఉంటుంది.