గోపన్‌పల్లి కాపలా: పోలీసుపటేల్ నుంచి కెమెరా దాకా

మన సంఘ సభ్యులలో చాలామంది పదవీ విరమణ డబ్బుతో నగరానికి పడమట స్థలమో ఫ్లాటో కొనుక్కున్నవారే. గోపన్‌పల్లి, నల్లగండ్ల, తెల్లాపూర్ పేర్లు వినపడని సమావేశం ఉండదు. ఆ మాటల వెనుకే వచ్చే ప్రశ్న, "అక్కడ భద్రంగా ఉంటుందా?" అని. పిల్లలు దూరదేశంలో ఉండి ఇంట్లో ఇద్దరే పెద్దవాళ్ళు మిగిలినప్పుడు ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. రెవెన్యూ శాఖలో పనిచేసినవాణ్ణి గనుక, ఆ ప్రాంతపు కాపలా ఎవరి చేతిలోనుంచి ఎవరి చేతికి మారుతూ వచ్చిందో నాకు తెలిసినంత మేరకు మనవి చేస్తాను.

నిజాం కాలంలో నగరం లోపలి భద్రత కొత్వాలుది. 1920 నుంచి 1934 దాకా ఆ పదవిలో ఉన్న రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారి పేరు మనవాళ్ళకు కొత్త కాదు. చుట్టుపక్కల పల్లెల సంగతి వేరు. కొన్ని నిజాం సొంత ఖర్చులకిచ్చిన సర్ఫెఖాస్‌లో, కొన్ని పాయిగాలలో, కొన్ని జాగీర్లలో ఉండేవి. ఎవరి ఏలుబడి అయినా ఊళ్ళో మాత్రం ముగ్గురే సర్కారు: శిస్తు వసూలుకు మాలీపటేల్, లెక్కలకు పట్వారీ, శాంతిభద్రతలకు పోలీసుపటేల్. వీరి కింద సేత్‌సింధీలు. ఊరికి కొత్త మనిషి వచ్చినా, అనుమానపు చావు జరిగినా ఠాణాకు కబురు పంపవలసింది పోలీసుపటేలే. జీతం లేని, వంశపారంపర్యపు ఉద్యోగం అది. దొంగతనాలు తక్కువగా ఉండేవని ఆ రోజులను తలచుకునేవారు, ఆ పటేల్ కర్ర ఎక్కువగా ఎవరి వీపు మీద పడేదో కూడా తలచుకోవాలి. వెట్టికి రానన్నవాడి కేసు ఏ రిజిస్టరులోకీ ఎక్కలేదు.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం ఆర్డినెన్సుతో ఈ గ్రామాధికారుల పదవులన్నీ రద్దు చేసింది. మంచిపనే అని నా అభిప్రాయం. అయితే ఊళ్ళో ప్రతి ముఖమూ, ప్రతి గట్టూ ఎరిగిన మనిషి ఒక్కసారిగా పక్కకు తప్పుకున్నాడు. సరిగ్గా అదే కాలంలో నగరం అటు కదలడం మొదలుపెట్టింది. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. అప్పటికే ఉంది. 1974లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. పొలాలు లేఅవుట్లయ్యాయి.

ఆ రోజుల్లో అక్కడి అసలు నేరం ఇంటి దొంగతనం కాదు, అసలు ఇళ్ళుంటే కదా! భూమి దొంగతనమే. ఒకే స్థలం ఇద్దరికి అమ్మడం, రాత్రికి రాత్రి హద్దురాళ్ళు మాయం కావడం, చనిపోయినవారి పేరిట జి.పి.ఏ. పుట్టించడం. 1982లోనే భూ ఆక్రమణల నిషేధ చట్టం తెచ్చి ప్రత్యేక కోర్టు పెట్టవలసి వచ్చిందంటే ఆ బెడద ఎంతటిదో ఊహించవచ్చు. బాధపడినవారిలో మనవంటి ఉద్యోగులే ఎక్కువ. కాకినాడలోనో కరీంనగర్‌లోనో పనిచేస్తూ, ప్రావిడెంట్ ఫండు అప్పుతో ప్లాటు కొని, పదేళ్ళకొకసారి చూసి వచ్చేవారు. ఈ నేరంలో రక్తం కారదు గనుక ఊరు ప్రశాంతంగానే కనిపిస్తుంది. ముప్ఫై ఏళ్ళ కష్టార్జితం మాత్రం పోతుంది.

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించాక మిగతా కథ మీరు ఎరిగినదే. 2003లో సైబరాబాద్‌కు వేరే పోలీసు కమిషనరేటు వచ్చింది. 2007లో శేరిలింగంపల్లి మునిసిపాలిటీ మహానగర పాలక సంస్థలో కలిసింది. అర్ధరాత్రి దాటాక కూడా ఆడపిల్లలు ఉద్యోగాల నుంచి ఇళ్ళకు వెళ్ళడం ఆ రోడ్లకు కొత్త. 2013 అక్టోబరులో మాదాపూర్‌లో ఇంటికి వెళ్ళడానికి నిలబడిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని కారులో ఎక్కించుకుపోయి చేసిన ఘాతుకం, పత్రికలు 'అభయ' కేసు అన్నది, అందరినీ కుదిపింది. 2014లో దోషులకు ఇరవయ్యేళ్ళ శిక్ష పడింది. అదే ఏడు అక్టోబరులో షీ టీములు మొదలయ్యాయి. జనం గుమిగూడే చోట్ల కెమెరాలు తప్పనిసరి చేస్తూ ప్రజా భద్రతా చట్టం వచ్చింది కూడా 2013లోనే.

ఇక అంకెల సంగతి. నేరాల రేటు అంటే లక్ష జనాభాకు నమోదైన కేసులు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలో ఒక కేసులో ఎన్ని నేరాలున్నా అన్నిటికన్నా పెద్దదాని కిందే లెక్క కడతారు. కేసులు పెరిగితే నేరాలే పెరిగాయో, ఠాణాకు ధైర్యంగా వెళ్ళేవారే పెరిగారో ఆ అంకె చెప్పదు. దానికి తోడు, 2011 తరువాత జరగవలసిన జనాభా లెక్కలు 2021లో జరగనే లేదు. ఆ పదిహేనేళ్ళలో గోపన్‌పల్లి చుట్టూ ఎన్ని అంతస్తులు లేచాయో చూసినవారికి, పాత జనాభాతో భాగించిన రేటుకు ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది. ఒక కాలనీ మంచిదో కాదో ఈ లెక్కతో తేల్చేవారిని నేను నమ్మను. వీధిదీపాలు వెలుగుతున్నాయా, మలుపు దగ్గర ఖాళీ ప్లాటుకు ప్రహరీ ఉందా, రాత్రి పదికి ఆటో దొరుకుతుందా అని అడుగుతాను. 2024 జులైలో తండా కూడలి దగ్గర ఫ్లైఓవరు తెరిచారు. పైన వెళ్ళేవారికి సుఖమే. కింద చీకటిలో రోడ్డు దాటే ముసలివాళ్ళ సంగతీ చూడాలి.

ఇంకొక మాట. అపార్టుమెంటులో చిన్న వస్తువు పోగానే తండా మనుషుల వైపు, పనిమనుషుల వైపు వేలు చూపడం కొందరికి అలవాటు. బ్రిటిషువారు 1871 చట్టంతో కొన్ని కులాలకు పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేశారు. మన స్టువర్టుపురం ఆ నీడలో పుట్టిన ఊరే. ఆ చట్టం 1952లో పోయినా, ఆ వేలు ఇంకా దిగలేదు.

ఇప్పుడు మన ఇళ్ళకు వచ్చే దొంగ గేటు దగ్గర సంతకం పెట్టడు, కెమెరాకు చిక్కడు. ఫోనులో వస్తాడు. పోలీసు యూనిఫారంతో వీడియోలో కనిపించి, "మీ పేరున పార్సెల్‌లో మత్తుమందు దొరికింది, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, ఎవరితోనూ మాట్లాడవద్దు" అంటాడు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రే రేడియోలో చెప్పవలసి వచ్చింది. జీవితమంతా పై అధికారి ఉత్తర్వుకు లోబడి పనిచేసినవాళ్ళం. ఆ గొంతు వినగానే లేచి నిలబడే అలవాటు మనలో ఉంది. వాడు పట్టుకున్నది దాన్నే. అలా డబ్బు పంపినవారెవరైనా ఉంటే సిగ్గుపడి దాచుకోవద్దు, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. మొదటి గంటల్లోనే చెబితే ఆ డబ్బు మరో ఖాతాకు దాటకుండా బ్యాంకులు ఆపగల అవకాశం ఉంటుంది. భార్యాభర్తలిద్దరికీ ఆ నంబరు తెలిసి ఉండాలి. ఫోను పక్కన గోడమీద పెద్ద అక్షరాలతో రాసి అంటించుకోండి, కళ్ళజోడు లేకపోయినా కనపడేలా.