నీళ్లలో పుట్టి కొండెక్కిన గీత

కొండ ప్రాంతాల పాత టోపోషీట్ ఏది విప్పినా మట్టిరంగు గీతలు ఒకదాని చుట్టూ ఒకటి మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే కాంటూరు గీతలవి. చిత్రమేమిటంటే, అవి మొదట పుట్టింది నీటి అడుగున. పడవ నడిపేవాడికి లోతు తెలియాలి. 1730 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో క్రుక్వియస్ అనే సర్వేయరు మెర్వేడె నది లోతును ఇలాంటి గీతలతోనే చూపాడు. ఫ్రాన్స్‌కు చెందిన ఫిలిప్ బ్యూయాష్ ఇంగ్లిష్ చానల్‌ను అలాగే గీశాడు. భూమినంతటినీ నదీ పరీవాహక ప్రాంతాలుగా విడదీసి చూపాలన్న పట్టుదల కూడా ఈయనకుండేది. రెండు నదుల మధ్య కొండలు ఉండి తీరాలని నమ్మి, లేనిచోటా గీసేశాడు పాపం!

ఈ గీత కొండెక్కింది మాత్రం దారి చూపడానికి కాదు, భూమిని తూచడానికి. 1774లో ఇంగ్లండ్ ఆస్థాన ఖగోళవేత్త నెవిల్ మాస్కెలిన్ స్కాట్లాండ్‌లోని షిహాలియన్ కొండకు ఉత్తరాన ఒకసారి, దక్షిణాన ఒకసారి మకాం వేశాడు. దారానికి వేలాడే గుండును కొండ తనవైపు ఎంత లాగుతుందో నక్షత్రాల సాయంతో కొలిచాడు. రెండు వైపులా కలిపి తేలింది 11.6 సెకన్ల కోణం. డిగ్రీలో 3,600 సెకన్లుంటాయి మరి! ఇక కొండ ఎంత పెద్దదో తేలితే భూమి సాంద్రత లెక్కకు అందుతుంది. కొండను సర్వే చేసినవారిలో ఒకడైన రూబెన్ బరో తర్వాత మన దేశానికే వచ్చి, బెంగాల్‌లో సర్వే చేసి, ఇక్కడే కన్నుమూశాడు.

ఆ కొలతలన్నీ చార్లెస్ హటన్ చేతికొచ్చాయి. బొగ్గు గని కార్మికుడి కొడుకు, లెక్కల్లో దిట్ట. కాగితం నిండా ఎత్తుల అంకెలే. కొండ ఆకారం ఎక్కడా అందదు. ఒకే ఎత్తున్న చోట్లను పెన్సిల్‌తో సన్నగా కలుపుతూ పోయాడు. కొండ తేటగా బయటపడింది. భూమి సగటు సాంద్రత నీటికి నాలుగున్నర రెట్లని 1778లో తేల్చాడు. ఇప్పటి లెక్క ఐదున్నర. ఆ పనిముట్లతో అంత దగ్గరికి రావడం నా దృష్టిలో గొప్పే.

పటాలు చేసేవారు మాత్రం చాలాకాలం వాలును పొట్టి పొట్టి గీతల నీడలతోనే చూపారు. చూపుకు బాగుండేది, ఎత్తు తెలిసేది కాదు. మన దేశంలో సర్వే ఆఫ్ ఇండియా కాంటూర్లతో రంగుల పటాల వరుసను 1905లో తలపెట్టింది.

పాత షీటు దొరికితే ఈసారి గీతల మెలికలు గమనించండి. మెలిక మొన ఎత్తు వైపు తిరిగితే అక్కడ వాగు, పల్లం వైపు తిరిగితే కొండ వెన్ను. మీ వాగును చుట్టి ఉన్న వెన్నులను కలుపుతూ పెన్సిల్‌తో గీయండి, దాని పరీవాహక ప్రాంతం సరిహద్దు అదే.