పుష్కరం నుంచి పుష్కరానికి: గోదావరి డెల్టాలో ఫిల్మ్ ఫొటో దుకాణాలు

చరిత్రకు ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో పరిశీలించే ఆధారం అంతకంటే సామాన్యమైనది: మీ ఊరి ఫొటో స్టూడియో అటక మీద, అట్టపెట్టెలో పడివున్న నెగటివ్. అది అక్కడికి ఎలా చేరింది, ఇప్పుడు ఎందుకు కనుమరుగవుతోంది అన్నదే మన ప్రశ్న.

గోదావరి ఒడ్డున కాలాన్ని లెక్కపెట్టడానికి పుష్కరాల కంటే అనువైన కొలత లేదు. 1979, 1991, 2003, 2015 పుష్కరాలను మనసులో ఉంచుకోండి.

1979 నాటికి డెల్టా పట్టణాల స్టూడియోలలో ఎక్కువగా నలుపు తెలుపు ఫొటోలే తీసేవారు. ఫొటో తీసినవాడే రీలు కడిగేవాడు, ప్రింటు వేసేవాడు, పెన్సిలుతో టచింగ్ చేసేవాడు. రీలు కడగడానికి పూర్తి చీకటి కావాలి. కాగితం మీద ప్రింటు వేయడానికి ఎర్రదీపం చాలు. డెవలపరు 20 డిగ్రీల దగ్గర ఉంటే మంచి ఫలితమిస్తుంది. మే నెలలో మన ప్రాంతపు ఎండలు మీకు తెలిసినవే కదా! అందుకే ద్రావణాన్ని కుండనీళ్లతోనో ఐసుగడ్డతోనో చల్లార్చుకోవలసి వచ్చేది. ఈ పనితనమే స్టూడియో యజమాని అసలు పెట్టుబడి. కేంద్ర ప్రభుత్వం 1960లో ఉదకమండలంలో నెలకొల్పిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో ఫిల్మును దేశమంతటా అమ్మింది.

1991 పుష్కరాల నాటికి రంగుల ఫొటోలదే రాజ్యం. రంగుల ఫిల్మును సి-41 అనే పద్ధతిలో, 37.8 డిగ్రీల దగ్గర, 3 నిమిషాల 15 సెకన్ల పాటు డెవలప్ చేయాలి. వేడిలో కొద్ది తేడా వచ్చినా రంగులు మారిపోతాయి. ఇది యంత్రానికి తగిన పని. అందువల్ల చిన్న ఊళ్ల స్టూడియోలు రీళ్లను రాజమండ్రి, కాకినాడ వంటి పట్టణాల కలర్ ల్యాబులకు పంపడం మొదలుపెట్టాయి. ఇక్కడ ఒక విషయం గమనించాలి. స్టూడియోల క్షీణత డిజిటల్ కెమెరాతో మొదలైందని సాధారణంగా చెబుతారు. నా దృష్టిలో అది సగమే నిజం. బేరాలు బాగా సాగుతున్న రోజులలోనే డార్క్‌రూమ్ మూతపడింది. కడిగే విద్య యజమాని చేతి నుంచి ల్యాబు యంత్రానికి వెళ్లిపోయింది.

2003 తరువాత ల్యాబు వంతు వచ్చింది. ల్యాబు యంత్రంలోని రసాయనాలు నిత్యం వాడుతూ, కొత్తవి కలుపుతూ ఉంటేనే నిలుస్తాయి. రోజూ వచ్చే రీళ్లు ఒక స్థాయికి తగ్గితే మందు పాడవుతుంది, రంగులు చెడతాయి, ఉన్న ఖాతాదారులూ తప్పుకుంటారు. ఇతర వ్యాపారాలలో బేరం సగమైతే లాభం తగ్గుతుంది. ఇక్కడ యంత్రమే ఆగిపోతుంది. ల్యాబులు మెల్లగా కాక తక్కువ కాలంలోనే మూతపడడానికి ఇదొక ముఖ్య కారణం. 2012 జనవరిలో అమెరికాలో కోడాక్ సంస్థ దివాలా రక్షణ కోరింది. 2015 పుష్కరాల నాటికి రేవులో స్నానాలు చేసేవారి చేతుల్లో ఉన్నది సెల్‌ఫోన్.

స్టూడియోలన్నీ మూతపడలేదు. పెళ్లి ఆల్బములు, వీడియోలు, అర్జంట్ పాస్‌పోర్టు ఫొటోలు కొన్నింటిని నిలబెట్టాయి. ఆధార్ నమోదులోనూ, పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనూ ఫొటో అక్కడికక్కడే తీస్తుండడంతో ఆ చివరి ఆదాయానికీ కొంత గండి పడింది.

ఇక నెగటివ్ సంగతి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి తీయించుకున్నవారే ఫొటో కాపీరైటుకు తొలి యజమానులు. వాడుకలో మాత్రం ప్రింటు ఇంటికి వచ్చేది, నెగటివ్ తరచు స్టూడియోలోనే ఉండిపోయేది. మళ్లీ కాపీలు కావాలంటే అక్కడికే వెళ్లాలి. అలా ప్రతి స్టూడియో తనకు తెలియకుండానే ఊరి దస్తావేజుల గది అయింది. ఓణీల వేడుకలు, బడి గ్రూపు ఫొటోలు, పెళ్లిచూపులకు పంపిన ఫొటోలు, చనిపోయిన పెద్దవారి చివరి ఫొటో అన్నీ అందులోనే. డెల్టా గాలిలోని చెమ్మ వల్ల నెగటివ్ మీద బూజు పడుతుంది. నీటిలో నానితే దాని జిలాటిన్ పొర ఉబ్బి ఊడిపోతుంది. 1986 ఆగస్టు వరదనూ, కోనసీమను కుదిపిన 1996 నవంబరు తుపానునూ తట్టుకుని మిగిలినవి కూడా దుకాణం ఖాళీ చేసే రోజున చెత్తలోకి పోవచ్చు. రాజు వేయించిన శాసనం రాతి మీద ఉంది. కూలివాని పెళ్లి ఈ పలుచని పొర మీదే ఉంది.

కనుక ఈ పాఠానికి సంబంధించిన అభ్యాసం మీ ఊళ్లోనే చేయండి. పాత స్టూడియో ఏదైనా ఉంటే యజమానిని కలిసి, అనుమతితో ఒక్క పెట్టె చూడండి. నెగటివ్‌ను అంచులతో మాత్రమే పట్టుకోండి. కవరు మీది పేరు, నంబరు, తేదీ ముందుగా రాసుకోండి. అవి పోతే బొమ్మ మిగిలినా ఆధారం మిగలదు. తెల్లని వెలుతురు ముందు ఉంచి ఫోనుతో ఫొటో తీసి, రంగులు తిరగేస్తే బొమ్మ కనబడుతుంది. అందులోని కుటుంబాన్ని అడగకుండా ఎవరికీ పంపకండి. ఆ యజమాని డార్క్‌రూమ్‌ను ఏ సంవత్సరంలో మూసివేశారో కూడా అడిగి తెలుసుకోండి.