పాటకు గొంగడే చాటు

అమెరికాలోని కేంబ్రిడ్జిలో, పామర్ వీధి 47వ నంబరు భవనం కింద ఓ నేలమాళిగ ఉంది. నూటికి కాస్త అటూఇటుగా జనం చేరితే నిండిపోతుంది. 'క్లబ్ 47' అనే ఈ జానపద పాటల క్లబ్బు 1958లో వేరే వీధిలో పుట్టి, 1963లో ఇక్కడికి దిగింది. జోన్ బయాజ్ తొలిరోజుల్లో పాడింది ఈ క్లబ్బులోనే. 1968లో మూతపడింది. మరుసటి ఏడు అదే చోట 'పాసిమ్' వెలిసింది. నేటికీ అక్కడ గిటారు మోగుతూనే ఉంది.

మన మఠంపల్లి వైపు ఇలాంటిది వెతికితే దొరకదు. ఇక్కడ నేల కింద ఉన్నది సున్నపురాయి. అది తవ్వుకుపోయే సిమెంటు ఫ్యాక్టరీల లారీల చప్పుడులో ఇంకో చప్పుడు వినబడదు. కానీ పాట దాక్కోవడానికి నేలమాళిగే కావాలా? హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట పల్లెల్లో పాట ఏళ్ల తరబడి అజ్ఞాతంలోనే బతికింది.

నిజాం పాలనలో 'గస్తీ నిషాన్ 53' అని ఒక ఉత్తర్వు ఉండేది. 1929 నాటిది. ముందుగా అనుమతి లేనిదే సభ పెట్టకూడదు. సభకైతే అనుమతి కావాలి సరే, గొల్ల సుద్దులకు ఎవరు అడుగుతారు? భుజాన గొంగడి, చేతిలో కర్ర, పక్కన ఇద్దరు వంతలు. ఊళ్లోకొచ్చి సుద్దులు చెప్పి, గింజలు పుచ్చుకుపోయే కళ అది. తెలంగాణ పోరాట కవి సుద్దాల హనుమంతు పట్టుకున్నది సరిగ్గా ఈ కిటుకునే. గొల్ల సుద్దులు, ఫకీరు వేషం, పిట్టల దొర మాటల వరస, ఇలా జనం ఎరిగిన ప్రతి పాత అంగీలోకీ వెట్టిచాకిరీ మీది కోపాన్ని దూర్చాడు. కర్రను నేలకు తాటించి కథకుడో మాట అంటే, వంత అమాయకంగా ప్రశ్న వేస్తాడు. నవ్వు పుడుతుంది. ఆ నవ్వు సద్దుమణిగేలోపు దొర పేరు వచ్చేస్తుంది. పెద్ద ఉపన్యాసం గంటసేపు చెప్పేది ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

బుర్రకథదీ అదే నడక. నడుమ కథకుడు తంబుర మీటుతూ వేలి అందెలు మోగిస్తాడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. వింటున్నది పల్నాటి యుద్ధమే అయినా, రాజకీయపు వంత అడ్డుపడి అడిగేది మాత్రం ఇవాళ్టి ధరల గురించి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ కళను ఆయుధం చేసుకుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ దాన్ని శిఖరానికి చేర్చాడు. తర్వాతెప్పుడో, 1986లో, ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఒకప్పుడు అవే కథలను నిషేధించింది కూడా సర్కారే మరి!

ఈ ప్రాంతానికి ఇంకో సౌలభ్యం ఉంది. మట్టపల్లి నరసింహస్వామి గుడి దగ్గర నిలబడి చూస్తే కృష్ణ అవతలి గట్టు పల్నాడు. ఆ రోజుల్లో అది మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఇటు కోదాడ పక్కనే మునగాల పరగణా. చుట్టూ నైజాం ఇలాకా, నడుమ దీవిలా కృష్ణా జిల్లా ముక్క. నైజాం సర్కారు ఉత్తర్వు పరగణా పొలిమేర దగ్గర ఆగిపోయేది. పాటకు పొలిమేర ఏముంది? నాట్లేసే ఆడవాళ్ల నోట పడ్డాక దాన్ని ఏ పోలీసు జప్తు చేస్తాడు?

అయితే కాగితం లేని పాటకు ఓ చిక్కుంది. అది నోరు మారినప్పుడల్లా మారుతుంది. 'బండెనక బండి కట్టి'నే తీసుకోండి. దాన్ని కట్టినవాడు సూర్యాపేట ప్రాంతపు ఉద్యమకారుడు బండి యాదగిరి అంటారు. మొదట అది ఇక్కడి దొర పేరు పెట్టి తిట్టిన పాటనీ, తర్వాత నైజాం సర్కారు మీదికి మళ్లిందనీ చెబుతారు. 1979లో తీసిన 'మా భూమి' సినిమాలో గొంగడి కప్పుకుని గద్దర్ పాడాక, అదే అసలు రూపమై కూర్చుంది. ఆ సినిమా లేకపోతే ఆ పాట ఇంతమందికి తెలిసేది కాదు, నిజమే. కానీ అందులో ఊరి దొర మాయమై సర్కారు ఒక్కటే మిగిలింది. నా మట్టుకు అది నష్టమే. తిట్టు ఎంత దగ్గరి మనిషికి తగిలితే పాటకు అంత పదును.

తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారు. ఆ ఏడు పదేళ్ల పిల్లకు ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అలాంటి ముసలమ్మ ఉంటే ఈ ఆదివారం ఆమె పక్కన ఫోను పెట్టి, పాడించి రికార్డు చేయండి. పాట ఒక్కటే చాలదు. ఎవరి దగ్గర నేర్చుకుందో, ఏ పొలంలో పాడిందో, అందులో అప్పుడు ఏ దొర పేరు ఉండేదో కూడా అడగండి.